మావయ్య కారు టాపు ఎవరు కోశారు?

మా పెదమావయ్య డాక్టరు. ఆయన పోయాక కారు నా దగ్గరికి వచ్చింది. 1968 మోడల్ ఫోక్స్‌వ్యాగన్ బీటిల్. శ్రీకాకుళంలో మా వీధి పిల్లలు దాన్ని తాబేలు బండి అంటారు. దాని టాపులో ముందు సీట్ల మీదుగా ఒక రేకు పలక ఉంటుంది. అద్దం పైన ఉన్న హ్యాండిల్ తిప్పితే ఆ పలక వెనక్కి జరిగి ఆకాశం కనిపిస్తుంది. ఆ సన్‌రూఫ్ ఫ్యాక్టరీ నుంచే వచ్చిందా, తర్వాత ఎవరైనా కోసి పెట్టారా అన్న ఒక్క ప్రశ్న 2024 జూన్ నుంచి నవంబరు దాకా నన్ను తిప్పింది. ముప్పై రెండు వేలు ఖర్చయింది. పాత బండి ఉన్నవాళ్లకి ఎప్పుడైనా పనికొస్తుందని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

జూన్ 10, సోమవారం. వింటేజ్ రిజిస్ట్రేషన్ గురించి కనుక్కుందామని రవాణా శాఖ ఆఫీసుకి వెళ్లాను. 2021 జూలైలో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ అయ్యి 50 ఏళ్లు దాటిన బండి అయ్యుండాలి. ఛాసిస్‌లో గానీ, బాడీలో గానీ, ఇంజిన్‌లో గానీ పెద్ద మార్పులు చేసి ఉండకూడదు. పాత నంబరు ఉంచుకోవచ్చు. వయసు విషయంలో నాకు బెంగ లేదు. ఫోన్లో ఫొటోలు చూపిస్తుంటే అక్కడున్న ఒకాయన ఒక ఫొటో దగ్గర ఆగి, వేళ్లతో పెద్దది చేసి చూశాడు.

"టాపు మీద ఇదేంటండీ? కోయించారా?"

"లేదండీ, సన్‌రూఫ్. ముందునుంచీ ఉంది."

"ముందునుంచీ అంటే ఎప్పటినుంచి? కంపెనీ ఇచ్చిందని కాగితం ఉందా? బాడీ కోసి పెట్టిందయితే మార్పు కిందికి వస్తుంది. బండి చూడ్డానికి వచ్చే కమిటీ వాళ్లు అడుగుతారు."

ఆయన మర్యాదగానే చెప్పాడు. నాకు మాత్రం బయటికొచ్చాక కాళ్లు ఆడలేదు. పుట్టినప్పట్నుంచీ చూస్తున్న కారు. ఆ కన్నం గురించి ఒక్కసారీ ఆలోచించలేదు.

ఆ సాయంత్రమే అత్తని అడిగాను. అత్తకి ఎనభై దాటాయి గానీ మాట స్పష్టంగా ఉంటుంది. "ఇంగ్లండులో ఉండగానే ఉందిరా. ఎండ కాస్తే చాలు, మీ మావయ్య అది తెరిచేసేవారు. నాకేమో జుట్టంతా రేగిపోయేది" అంది. మావయ్య బర్మింగ్‌హామ్‌లో ఆస్పత్రిలో పనిచేసిన రోజుల్లో కొన్న బండి. 1971లో ఓడ మీద తెచ్చుకున్నారు. హమ్మయ్య అనుకున్నాను.

రాత్రి విజయనగరంలో ఉన్న చిన్నమావయ్యకి ఫోన్ చేశాను. ఊరికే, మాటవరసకి.

"అదా? 1983లో వైజాగ్‌లో కోయించింది కదా అల్లుడూ! నేను దగ్గరుండి చూశాను. రెండ్రోజులు షెడ్డులోనే ఉంది బండి. గ్యాస్ వెల్డింగ్ పెట్టి టాపంతా ఎర్రగా కాల్చేశాడు. అన్నయ్య ఎంత గోల పెట్టాడో!"

ఇద్దరూ అబద్ధం చెప్పే మనుషులు కారు. ఇద్దరూ కళ్లారా చూశామంటున్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కన్నం గురించి కాదు, ఇద్దరిలో ఎవరో ఒకరి జ్ఞాపకం తప్పని నేను నిరూపించాల్సి వస్తుందని.

అత్త బీరువాలోంచి ఇంగ్లండు ఫొటోలు తీసింది. కారు కనిపించేది ఒక్కటే. మావయ్య ఓవర్‌కోటు వేసుకుని బానెట్ మీద చెయ్యేసి నిలబడ్డారు. వెనక 1969 జనవరి అని ఆయన దస్తూరీ. టాపు మీద జానెడు మందాన మంచు. భూతద్దం పెట్టి గంటసేపు చూశాను. మంచు కింద ఏముందో ఆ భగవంతుడికే తెలియాలి.

జూన్ 16, ఆదివారం ఛాసిస్ నంబరు కోసం దిగాను. బీటిల్‌కి అది వెనక సీటు కింద, మధ్యలో గట్టులా వెళ్లే భాగం మీద కొట్టి ఉంటుంది. బ్యాటరీ కూడా ఆ సీటు కిందే. యాభై ఏళ్ల యాసిడ్ ఆవిరికి అక్కడంతా పొరలు పొరలుగా తుప్పు. ఇసుక కాగితం వాడకండి, అంకెలు పోతాయి. కిరసనాయిలులో ముంచిన గుడ్డతో, పళ్లు తోముకునే పాత బ్రష్షుతో రెండు గంటలు రుద్దాను. తర్వాత తెల్ల కాగితం పరిచి పెన్సిలు అడ్డంగా గీస్తే 118తో మొదలయ్యే తొమ్మిది అంకెల నంబరు తేలింది. ముందు డిక్కీలో (ఇంజిన్ వెనక ఉంటుంది కాబట్టి డిక్కీ ముందు) స్టెప్నీ వెనకున్న ప్లేటు మీదా అదే నంబరు.

ఇక్కడ నేనొక వెర్రి పని చేశాను. ఫోక్స్‌వ్యాగన్ వాళ్లు ఒక్కో రకం బీటిల్‌కి ఒక్కో మోడల్ నంబరు పెట్టారని ముందే చదివి ఉన్నాను. ఎడమ స్టీరింగ్ మామూలు డీలక్స్ 113, కుడి స్టీరింగ్‌ది 114. సన్‌రూఫ్ ఉంటే ఎడమ స్టీరింగ్‌కి 117, కుడి స్టీరింగ్‌కి 118. మాది కుడి స్టీరింగ్. నంబరు 118తో మొదలైంది. ఇంకేం కావాలి! అత్తకి స్వీట్లు పట్టుకెళ్లాను. ఆఫీసులో నలుగురికి చెప్పాను. చిన్నమావయ్యకి మాత్రం చెప్పలేదు, కాగితం చేతికొచ్చాక చూపిద్దామని.

ఆ సంబరం తొమ్మిది రోజులు నిలిచింది. జూన్ 25న విశాఖలో పాత బళ్లు పెట్టుకునే ఒక పెద్దాయన నంబరు దొరికితే ఫోన్ చేసి, గర్వంగానే ఈ ముక్క చెప్పాను. ఆయన నవ్వేశారు. 1964 ఆగస్టు నుంచి ఛాసిస్ నంబర్లో మొదటి రెండంకెలు 11, అంటే బీటిల్. మూడోది మోడల్ సంవత్సరం చివరి అంకె. 118 అంటే 1968 మోడల్ బీటిల్ అని, అంతే. సన్‌రూఫ్ ఉన్నా లేకపోయినా ఆ ఏడాది రేకు టాపున్న ప్రతి బీటిల్‌కీ 118తోనే మొదలవుతుంది. "సరిగ్గా ఆ ఏడాది బండి అవడం వల్ల మీకు ఆ మోడల్ నంబరుతో కలిసిపోయింది. మీరొక్కరే కాదు, చాలామంది పడతారు ఇందులో" అన్నారు. నాకు మాత్రం ఆ స్వీట్ల డబ్బా కళ్లముందు కనిపించింది.

ఆయనే ఇంకో సంగతి చెప్పారు. 1963 వేసవి దాకా ఫ్యాక్టరీ సన్‌రూఫ్ అంటే మడత పడే గుడ్డ టాపు. ఆ ఆగస్టు నుంచి, అంటే 1964 మోడల్ నుంచి, హ్యాండిల్‌తో జరిగే రేకు పలక. కాబట్టి 1968 బండికి గుడ్డ టాపు ఉన్నా, పైకి లేచే గాజు పలక ఉన్నా చూడక్కర్లేదు, తర్వాత పెట్టిందే. మాది రేకే. "పరీక్షలో మొదటి మార్కు వచ్చింది, అంతవరకే" అన్నారు.

జూన్ 30న పాత బస్టాండు వైపున్న మా మెకానిక్‌ని ఇంటికి పిలిచాను. అతను బండి చుట్టూ తిరగలేదు, ఏమీ చూడలేదు. జేబులోంచి చిన్న అయస్కాంతం తీసి, రుమాల్లో చుట్టి, సన్‌రూఫ్ అంచు చుట్టూ జరుపుతూ వచ్చాడు. వెనకవైపు, రెండు పక్కలా టక్కున అతుక్కుంది. ముందు అంచుకి వచ్చేసరికి జారిపోయింది. మళ్లీ పెట్టాడు. మళ్లీ జారింది.

"ఇక్కడ రేకు నేదు బాబూ, అంతా లప్పమే. ముందు కోసినారు, అతికించినారు, పైన లప్పం కొట్టి రంగేసినారు. ఇది కంపినీది కాదు."

"వెనకవైపు పట్టుకుంది కదా?"

"వెనకేటుందో నాకేటి తెల్సు? నాను సూసింది సెప్పినాను."

తర్వాత హ్యాండిల్ వైపు చూసి నవ్వాడు. "ఇదేటండీ, అంబాసిడర్ కిటికీ హ్యాండిలు!"

నిజమే. చిన్నప్పట్నుంచీ నేను తిప్పిన ఆ హ్యాండిల్ అంబాసిడర్ తలుపుది. మధ్యలో బుష్ వేసి అతికించారు. అన్నేళ్లు చేత్తో పట్టుకుని తిప్పాను గానీ గుర్తుపట్టలేదు. చిన్నమావయ్యే గెలిచాడనుకున్నాను. ఆ వారం బండి మీద కవరు కప్పేశాను. అత్త అడిగితే మెకానిక్ దొరకలేదని చెప్పాను.

విశాఖ పెద్దాయనకి సంగతి చెబితే ఆయన తేల్చిపారేశారు. "పైనుంచి చూస్తే ఎవరికీ తెలీదు. లోపల టాపుకి ఉన్న గుడ్డ లైనింగ్ విప్పించండి. ఫ్యాక్టరీ రూఫ్‌కి అంచు ప్రెస్సులో మడిచి వస్తుంది, చుట్టూ స్పాట్ వెల్డింగులు, అంటే చుక్కల్లా చిన్న చిన్న గుంటలు ఉంటాయి. షెడ్డులో కోసినదానికి రంపం గీతలో, స్క్రూలో, గ్యాస్ వెల్డింగో కనిపిస్తుంది." ఇంకో మాట కూడా అన్నారు. విదేశాల్లో సన్‌రూఫ్ ఉన్న పాడైపోయిన బండి టాపుని మొత్తంగా కోసుకొచ్చి ఇంకో బండికి అతికించేవాళ్లు ఉన్నారట. అప్పుడు అంచులన్నీ ఫ్యాక్టరీవే కనిపిస్తాయి. అందుకని అద్దం పక్కన స్తంభాలకి అతుకులున్నాయేమో కూడా చూసుకోమన్నారు. మన దగ్గర అంత ఓపిక ఎవరికుందిలెండి. అయినా చూశాను. అతుకుల్లేవు.

జూలై 10న బండిని లారీ మీద విశాఖ పంపాను. నూటపది కిలోమీటర్లు నడిపే ధైర్యం లేదు. లారీకి 7,500. ఆటోనగర్‌లో ఒక ముసలి మేస్త్రి, సీట్లు, లైనింగులు కుట్టే మనిషి. లైనింగ్ విప్పి మళ్లీ అదే వేయడం కుదరదని, పాతది ముట్టుకుంటే చిరుగుతుందని ముందే చెప్పాడు. కొత్తది వేయడానికి గుడ్డ, కూలి కలిపి 16,000. మొత్తం ఖర్చులో సగం ఇదే. దీనికి సిద్ధపడకపోతే లైనింగ్ జోలికి పోవద్దు. సన్‌రూఫ్ బండికి లైనింగ్ మామూలు బండిలా ఒకే ముక్క కాదు. కన్నం చుట్టూ ఒకటి, జరిగే పలకకి విడిగా ఒకటి కుట్టాలి. ఆ సంగతి కూడా నాకు అక్కడే తెలిసింది.

నేను ఆన్‌లైన్లో 1,150కి కొన్న చిన్న కెమెరా పట్టుకెళ్లాను. తీగ చివర లైటుతో ఉంటుంది, ఫోన్లో బొమ్మ వస్తుంది. పైపుల్లో ఎలకల్ని చూడ్డానికి వాడతారట. మేస్త్రి దాన్ని చూసి పెదవి విరిచాడు గానీ, లైనింగ్ కిందికి వేలాడాక ఇద్దరం తలలు ఆనించి ఆ తెర మీదే చూశాం.

మొదట ముందు భాగం. మెకానిక్ చెప్పింది అక్షరాలా నిజం. మూడు వేళ్ల వెడల్పున అతికించిన రేకు, దాని చుట్టూ ఇత్తడి వెల్డింగు బొట్లు బొట్లుగా కారి గట్టిపడి ఉంది. రేకు మందం కూడా వేరు. కొబ్బరి నూనె డబ్బా రేకులా ఉంది. నా గుండె జారిపోయింది.

మేస్త్రి మాట్లాడకుండా కెమెరా తీగని వెనక్కి తోశాడు. ఆ అతుకు అయిపోయిన చోట నుంచి రేకు అంచు నున్నగా, ఒకే కొలతలో కిందికి మడిచి ఉంది. మడత మీద చిన్న చిన్న గుంటలు, పావలా బిళ్ల కన్నా చిన్నవి, బెత్తెడు బెత్తెడు దూరంలో వరసగా. మూడు పక్కలా అలాగే. పలకని జరిపే కేబుళ్లు నడిచే గొట్టాలు రెండు వైపులా నీటుగా కూర్చుని ఉన్నాయి. ఇంకా వెనక్కి పోతే ఒక చోట తుప్పూ దుమ్మూ లేని జానెడు మేర తెల్లరంగు కనిపించింది.

మా బండి ఎర్ర మెరూన్ రంగు. నేను పుట్టకముందు నుంచీ అదే రంగు అనుకున్నాను.

"తెల్లబండే ఇది" అన్నాడు మేస్త్రి. "ఈ మడతకి తెల్లరంగు లోపలిదాకా ఎక్కింది సూడండి. కోసిన తర్వాత ఎయ్యగలరా ఇలాగ? టాపు ఇలా తయారయ్యాకే రంగేసారు. ముందుది మాత్రం తుప్పట్టి పోతే ఎవడో ముక్కేసాడు. వానాకాలం నీళ్లు ముందే కదా నిలిచేవి."

అప్పుడు అర్థమైంది. 1983లో చిన్నమావయ్య చూసింది ఈ ముక్క వేయడమే అయ్యుండాలి. గ్యాస్ వెల్డింగు, ఎర్రగా కాలిన రేకు, రెండ్రోజులు షెడ్డు, అన్నీ నిజమే. ఆయన పాత కన్నానికి అతుకు వేయడం చూసి కొత్త కన్నం అనుకున్నాడు. నేను దాదాపు నలభై ఫొటోలు తీసుకున్నాను. కొత్త లైనింగ్ వేసేస్తే మళ్లీ కనబడదు కాబట్టి ప్రతి ఫొటోలోనూ స్కేలు పెట్టి, ఆ రోజు పేపరు కూడా పక్కన పెట్టాను. తర్వాత ఇదే బాగా అక్కరకొచ్చింది.

అయినా కాగితం కావాలి కదా. జర్మనీలో వోల్ఫ్స్‌బుర్గ్‌లో ఫోక్స్‌వ్యాగన్ పాత బళ్ల మ్యూజియం ట్రస్టు ఒకటి ఉంది, ఛాసిస్ నంబరు ఇస్తే ఆ బండి పుట్టుపూర్వోత్తరాలతో సర్టిఫికెట్ ఇస్తారు. జర్మన్‌లో దాన్ని గెబుర్ట్స్‌ఉర్కుండె అంటారు, అచ్చంగా జనన ధ్రువపత్రం. జూలై 22న మెయిల్ పెట్టాను. పెన్సిల్ ప్రింటు ఫొటో, డిక్కీ ప్లేటు ఫొటో, ఆర్‌సీ కాపీ, వారసత్వం కాగితం జత చేశాను. ఎనిమిదో రోజుకి డబ్బు కట్టమని వివరాలు వచ్చాయి.

డబ్బు కట్టడం మాత్రం ఒక పెద్ద తంతు. ఆగస్టు 6న మా బ్యాంకుకి వెళ్లాను. విదేశానికి డబ్బు పంపడానికి ఏ2 ఫారం నింపాలి, దేనికి పంపుతున్నామో కోడ్ రాయాలి. కౌంటర్లో అమ్మాయి కోడ్ల జాబితా తెరిచి, "చదువా సార్? వైద్యమా? బంధువులకా?" అంది. కారు జనన ధ్రువపత్రానికి అన్నాను. ఆ అమ్మాయి తల తిప్పి వెనక సీటులో ఉన్న మేనేజర్ వైపు చూసింది. ముగ్గురం కలిసి జాబితా రెండుసార్లు చదివాం. చివరికి ఇతర సేవల కింద రాశాం. రెండు సంతకాలు తప్పాయని మర్నాడు మళ్లీ పిలిచారు. ఫీజు, బ్యాంకు చార్జీలు అన్నీ కలిపి ఆరువేలకి కాస్త తక్కువ అయింది. అడ్రసు రాసేటప్పుడు పిన్‌కోడ్, ఫోన్ నంబరు కవరు మీద రాయమని విడిగా అడగండి. మన వీధి పేర్లు వాళ్లకి ఏం తెలుస్తాయి.

ఇక ఎదురుచూపు. ఆగస్టంతా ఏ కబురూ లేదు. నేను రోజూ మెయిల్ చూసేవాణ్ణి, పోస్ట్‌మ్యాన్‌ని సందు మలుపులోనే ఆపేవాణ్ణి. మా ఆవిడ, "మన పెళ్లి సర్టిఫికెట్ కోసం కూడా ఇంత తిరగలేదు మీరు" అంది. నిజానికి అది ఇప్పటికీ తీసుకోలేదు.

ఈ మధ్యలో వినాయక చవితి మర్నాడు, సెప్టెంబరు 8న, వాన పట్టుకుంది. వాయుగుండం. రెండ్రోజులు శ్రీకాకుళం తడిసి ముద్దయింది. 9వ తేదీ పొద్దున్న బండి తలుపు తీస్తే డ్రైవరు సీట్లో గిన్నెడు నీళ్లు. పదహారు వేలు పెట్టి వేయించిన కొత్త లైనింగ్ మీద గోధుమరంగు మరక, చేటంత. మా ఆవిడ ఏమీ అనకుండా తువ్వాలు తెచ్చి ఇచ్చింది. అది ఇంకా బాధ.

సన్‌రూఫ్ అంటే వాన చుక్క పడనివ్వని మూత అనుకోకండి. పలక చుట్టూ కొంచెం నీరు దిగుతూనే ఉంటుంది. కింద కాలవ లాంటి తొట్టిలో పడి, మూలల్లోని గొట్టాల్లోంచి బయటికి పోవాలి. ఆ గొట్టాలు మూసుకుపోతే నీళ్లు మన నెత్తిన. ఈ సంగతి తెలుసు గానీ మా బండికి గొట్టాలు ఉన్నాయో లేదో ఎవరూ చూడలేదు. నేను పలక తెరిచి ముందు మూల వేలితో తడిమితే చిన్న కన్నం తగిలింది, మట్టితో బిగిసి ఉంది. స్కూటర్ క్లచ్ కేబుల్ లోపలి తీగ తీసుకుని మెల్లగా తిప్పుతూ దించాను. రెండడుగులు పోయింది. మూడడుగులు పోయింది. అప్పుడు చెంబుతో నీళ్లు పోశాను.

ఒక నిమిషం ఏమీ లేదు. తర్వాత డ్రైవరు తలుపు బందు దగ్గర నుంచి నల్లటి బురదనీళ్లు బుడుక్కున వచ్చాయి. దాంతో పాటు ఒక కందిరీగ గూడు ముక్క.

నేను వానలోనే నిలబడి నవ్వుకున్నాను. ఎందుకంటే టాపు మూల నుంచి అద్దం పక్క స్తంభం లోపలిగా తలుపు బందు దాకా గొట్టం దించడం అంటే ఆ స్తంభం తయారయ్యేటప్పుడే చెయ్యాలి. రెండ్రోజుల్లో వెల్డింగు చేసి పంపే షెడ్డువాడు ఆ పని చెయ్యడు, వాడికి అవసరమూ లేదు. నలభై ఫొటోలూ ఒక ఎత్తు, ఆ బురదనీళ్లు ఒక ఎత్తు. తర్వాత నాలుగు గొట్టాలూ శుభ్రం చేశాను. మరక మాత్రం పోలేదు.

అక్టోబరు 18, శుక్రవారం రిజిస్టర్డ్ పోస్టు వచ్చింది. మెయిల్ పెట్టిన 88వ రోజు. కవరు మీద మా వీధి పేరు తప్పుగా ఉంది, పిన్‌కోడ్, ఫోన్ నంబరు కాపాడాయి. వెంటనే విప్పలేదు. అత్తింటికి పట్టుకెళ్లాను. అత్త పూజగదిలో ఉంది, అరగంట కూర్చున్నాను. ఆ అరగంటలో చెమట పట్టింది.

ఒక్క పేజీ. ఛాసిస్ నంబరు. 1500 ఇంజిన్, నంబరు హెచ్ అక్షరంతో మొదలు, మా బండిలో ఉన్నదే. తయారైంది 1967 అక్టోబరులో. పంపింది గ్రేట్ బ్రిటన్‌కి. రంగు లోటస్ వైట్. కింద అదనపు పరికరాలు అన్న చోట ఒకే ఒక్క మాట: స్టాల్‌కుర్బెల్‌డాఖ్. స్టాల్ అంటే ఉక్కు, కుర్బెల్ అంటే తిప్పే హ్యాండిలు, డాఖ్ అంటే పైకప్పు. ఆ మాట కోసం ముందే నిఘంటువు చూసుకుని ఉన్నాను, అందుకే చూడగానే గుర్తుపట్టాను. తెలుగులో చెప్పమంటే చెప్పాను. అత్త కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "నేను చెప్పింది చాలక జర్మనీ వాడి చేత చెప్పించావు" అంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. బీటిల్‌కి బాడీ వేరు, కింద ఛాసిస్ వేరు. బోల్టులు విప్పితే బాడీ మొత్తం లేచి వచ్చేస్తుంది. నంబరు రేకులోకి కొట్టి ఉండేది ఛాసిస్ మీద, డిక్కీలోది విడి ప్లేటు మాత్రమే. అంటే సర్టిఫికెట్ ఒక్కటే పట్టుకుని బాడీ కూడా అదేనని గట్టిగా చెప్పలేం. మా విషయంలో కాగితం లోటస్ వైట్ అంది, లైనింగ్ వెనక తెల్లరంగు దొరికింది. కాగితం రేకు సన్‌రూఫ్ అంది, ఆ రేకు మడతకే ఆ తెల్లరంగు అంటుకుని ఉంది. ఫొటోలు తీసి ఉంచుకోమనేది అందుకే.

చిన్నమావయ్యకి ఆ రాత్రి అత్తింటి నుంచే స్పీకర్ పెట్టి ఫోన్ చేశాను. నెమ్మదిగా, ఆయన చూసింది కూడా నిజమేనని, అది ముందు భాగం అతుకు అని చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు.

"మరి ఆ హ్యాండిల్ ఎవడు పెట్టాడు?" అన్నాడు.

"నీకే తెలియాలి మావయ్యా, దగ్గరుండి చూశావుగా."

"ఒరిజినల్ది నేనే పోగొట్టాను అల్లుడూ. ఆ షెడ్డులో జేబులో వేసుకుని మర్చిపోయాను. మీ మావయ్యకి భయపడి, పక్కనే పాత సామాన్ల కొట్లో అంబాసిడర్ది కొని బిగింపించాను. ఆయన చివరిదాకా గమనించలేదు."

అత్త పక్కనుంచి, "గమనించారు" అంది.

నవంబరు 12న అప్లికేషన్ పెట్టాను. ఇది వరకే రిజిస్టరైన బండి కాబట్టి పాత ఆర్‌సీ, ఇన్సూరెన్స్ జత చేశాను. సర్టిఫికెట్ జర్మన్‌లో ఉంది కాబట్టి ఇంగ్లీషు అనువాదం చేయించి నోటరీ పెట్టించాను, 1,500 అయింది. లైనింగ్ విప్పినప్పటి ఫొటోలు పన్నెండు ప్రింటు తీయించి వరసగా అంటించి, ముందు భాగం అతుకు ఫొటో కూడా దాచకుండా పెట్టాను. పెట్టొద్దని ఇద్దరు ముగ్గురు సలహా ఇచ్చారు. కమిటీలో ఎవరైనా అయస్కాంతం తెస్తే అప్పుడు నా మొహం ఎక్కడ పెట్టుకోను? మరమ్మతు వేరు, మార్పు వేరు అని పక్కన రెండు వాక్యాలు రాశాను.

26న బండి చూడ్డానికి వచ్చారు. ముగ్గురు. ఛాసిస్ నంబరు చూశారు, ఇంజిన్ నంబరు చూశారు. ఫైలు తిరగేశారు, ఫొటోల దగ్గర ఒకాయన చాలాసేపు ఆగాడు. ఏమీ అడగలేదు. తర్వాత డ్రైవరు సీట్లో కూర్చుని, సన్‌రూఫ్ తెరిచి చూపిస్తారా అన్నాడు. మీరే తిప్పండి అన్నాను. చెయ్యి పైకెత్తి హ్యాండిల్ పట్టుకుని ఒక్క చుట్టు తిప్పి ఆగిపోయాడు.

"ఇది అంబాసిడర్ది కదండీ?"